కొడవలి పట్టిన కళావర్ రాణి

నిజామాబాద్ ఖలీల్‌వాడిల దవాఖానల నడుమ ఇరుక్కొని ఒక జిరాక్స్ షాపున్నది. రిపోర్టులు జిరాక్స్ తీసుడు, సర్టిఫికెట్లు లామినేషన్ చేసుడు, అక్కడి పని గంతే. ఓనరు పేరు పరమేశ్వర్. యాభై ఆరేండ్లుంటయి. ఆయన గురించి తెలుసుకోవాల్సిన మొదటి ముచ్చట, ఆయనకు పత్తాలంటే పానం. రెండో ముచ్చట, జిందగీల ఒక్క తాప గూడ పత్తాలాడలే.

నవ్వకుండ్రి. ఆయనకు ఆడరాదు. రమ్మీల ఒక్కొక్కరికి ఎన్ని పత్తాలు పంచుతరని అడిగితే గోడ దిక్కు చూస్తడు. కని పాత పత్తాల కట్ట ఎక్కడన్న ఉన్నదని తెలిస్తే చాలు, షాపు షట్టరు దించి బస్సెక్కుతడు. బోధన్ అంగడికి దెగ్లూర్ దిక్కు నుంచి పాత సామాను తెచ్చే మరాఠీ ఆయనతోని వచ్చీరాని మరాఠీ మాట్లాడి రెండు కట్టలు పట్టిండు. క్లబ్బు మూసేసినోళ్ల దగ్గర ఒకటి, సిగరెట్ కంపెనీ ఎప్పుడో పంచింది ఒకటి, గిట్ల ముప్పై ఎనిమిది కట్టలు జమ చేసిండు. అన్నిటిని షాపుల అద్దాల బీరువాల పెట్టి, వచ్చినోళ్లకు వచ్చినట్టు పాఠం చెప్తడు.

"అన్నా, ఆటీన్ రాజును ఎన్నడన్న మంచిగ సూసినవా? నలుగురు రాజులల్ల మీసాల్లేనిది గాయిన ఒక్కనికే. కత్తి సూడు, తన తలకాయల తనే పొడుసుకుంటున్నట్టు ఉంటది. గీసినోడు ఎంత ఆలోచన చేసిండో!"

"మా బాపుకు ఆపరేషన్ ఉన్నదన్నా. జర జల్ది జిరాక్స్ ఇయ్యి," అంటడు వచ్చినాయన.

"ఇస్తున్న, ఇస్తున్న. గీ ఇస్పేట్ గులాంను సూడు. ఒక్క కన్నే కనవడ్తది. రెండో కన్ను అవతలి దిక్కు."

గిట్ల లోపల ఆపరేషన్ అయితుంటే బయట గులాం కండ్లు లెక్కవెట్టిచ్చే మనిషి ఆయన. ఖలీల్‌వాడి మొత్తం ఆయనను చూసి నవ్వుకునేది. నవ్వుతున్నరని ఆయనకు గూడ ఎరుకే. ఏదో ఒకరోజు నా పేరు పెద్ద జాగల బోర్డు మీద పడ్తది, గప్పుడు మీ నోళ్లు మూతవడ్తయి అని లోపల్లోపల అనుకునేది. ఆయనకు కోరిక ఏదన్న ఉన్నదంటే గదొక్కటే.

ఇంకొకటి చెప్పాలె. పరమేశ్వర్ లెక్కల లోకంల రెండే రకాల కాయితాలు. లామినేషన్ అయినయి, ఇంక కావాల్సినయి. పదో తరగతి మెమో, కరెంటు బిల్లు, పెండ్లి పత్రిక, అన్నీ ప్లాస్టిక్‌ల పడ్డయి. పెండ్లి ఫోటోను లామినేషన్ చేసిన దినం మిషను ఎక్కువ వేడైంది. ఇరవై ఎనిమిదేండ్ల సంది ఫోటోల ఆయన భార్య జ్యోతిరాణి ఒక బుగ్గ ఉబ్బే ఉన్నది. పత్తాలు మాత్రం ఇడిసిపెడ్తడా? ముప్పై ఎనిమిది కట్టలు, ఒక్కొక్క పత్తకు ఒక్కొక్క కవరు, నాలుగు దిక్కుల కత్తిరింపు. కలపరాదు, పంచరాదు. ఇగ నూరేండ్లు ఏం కాదని ఆయన మురిసిపోయేది.

"వాటికి ఏం కాదు గని మన బతుకే గిట్లయింది," అనేది జ్యోతిరాణి షాపు వెనుకనే ఉన్న ఇంటి అర్రల కుట్టు మిషను తొక్కుకుంట. ఆమె నోరు మంచిది కాదని ఆయన అందరికి చెప్తడు. నిజం చెప్పే నోరు ఎవరికి మంచిగనిపిస్తది మరి?

ఒకరోజు మోకాళ్ల డాక్టరుకు చూపెట్టుకొని, బోధన్ అవతల క్యాంపు నుంచి వచ్చిన ఒక ముసలామె షాపుకొచ్చింది. పేరు సీతమ్మ. కాలువ కింద భూములు చేసుకుందామని వాళ్లత్తమామలు ఎన్నడో కోస్తా నుంచి వచ్చి ఆ క్యాంపుల ఇల్లు కట్టుకున్నరు. చీటీ జిరాక్స్ అయ్యేదాక ఆమె బీరువా ముంగట నిలబడ్డది.

"ఇవి పేకముక్కలేనా బాబూ? అద్దంలో పెట్టారేం?"

"ఆడేటందుకు కాదమ్మా, సూసేటందుకు. వీటిల మస్తు కళ ఉన్నది. మనోళ్లకు సూసే కండ్లు లేవు."

సీతమ్మ ఆయన దిక్కు జరసేపు చూసింది. "మా ఇంట్లో ఒక పాత కట్ట ఉందండీ. మా మావగారు బందరు నుంచి తెచ్చుకున్నది. అందులో రాజులకి కాళ్లుంటాయి."

పరమేశ్వర్ చీటీని మిషన్లనే ఇడిసి ముంగటికొచ్చిండు. ఇప్పటి పత్తాలల్ల రాజుకు కిందొక తలకాయ, మీదొక తలకాయ. నిలువు బొమ్మ, కాళ్లతోని ఉన్నదంటే అది ఎంత పాతదో ఆయనకు ఎరుకే. తెల్లారి పొద్దుగాల మొదటి బస్సుకే బోధన్ పోయి, అక్కడ ఆటో పట్టుకొని క్యాంపుల దిగిండు.

సీతమ్మ వసారాల నులక మంచం మీద దుప్పటి పరిచి కట్ట విప్పింది. మూలలు గుండ్రం లేవు, సరిగ్గ నలుపలకలు. మందపు అట్ట. నీలి గడుల వీపు. రాజులు నిటారుగ నిలబడ్డరు, కాళ్లకు బూట్లు, బూట్లకు బిళ్లలు. పరమేశ్వర్ మోకాళ్ల మీద కూసొని బూట్ల బిళ్లలు లెక్కవెట్టుకుంట, "అరెరెరె, ఏమన్న పనితనమా!" అని ఒకటే మురిసిండు. అన్నీ పరిచి ఫోన్‌ల ఫోటో తీసిండు.

"రాణుల్ని చూశారా బాబూ?" అన్నది సీతమ్మ.

"సూసిన, సూసిన."

"నలుగుర్నీ చూశారా?"

"సూసినమ్మా. గీ ఇస్పేట్ రాజు గడ్డం సూడుండ్రి, ఒక్కొక్క ఎంటిక!"

సీతమ్మ కాఫీ తెచ్చిచ్చింది. "మా ఆయన పోయి ఆరేళ్లండీ. ఇక ఇంట్లో ఆడేవాళ్లు లేరు. మీరు బొమ్మలు చూసే మనిషి కదా, మీ దగ్గరుంటే నాకు తృప్తి. తీసుకెళ్లండి. మోకాళ్లు సహకరించినప్పుడు వచ్చి చూసుకుంటాను," అని కట్టను రుమాల్ల చుట్టి చేతుల పెట్టింది. పైస అడగలే.

వాపసొచ్చే బస్సుల పరమేశ్వర్‌కు మనసాగలే. రుమాలు విప్పి ఒక్కొక్క పత్త మళ్ల చూసుకుంట పోయిండు. కళావర్ రాణి దగ్గర చెయ్యి ఆగింది. రాణి చేతిల పువ్వుండాలె. ఈమె చేతిల కొడవలి ఉన్నది. కాళ్లకు చెప్పుల్లేవు. చీర మోకాళ్ల దాక ఎగ్గట్టింది. ముక్కుకు పుడక, గదుమ మీద పుట్టుమచ్చ. మీదికెల్లి కోపంగ ఎదురుంగ చూస్తున్నది.

"నకిలీది!" అని గట్టిగనే ఒర్రిండు.

"నోటా అన్నా?" అన్నడు పక్క సీటాయన భయపడి.

పరమేశ్వర్‌కు ఒళ్లు మండింది. ఎవరో పొలం పని చేసే ఆడామె బొమ్మ గీసి, రాజుల నడుమ కలిపిండ్రు! రాణి అంటే ఏందో తెల్వదు వీళ్లకు! ఇంటికి రాంగనే ఆ పత్తను తీసి, లామినేషన్ కత్తిరింపులు పడేసే అట్టడబ్బల ఇసిరేసిండు. యాభై ఒక్కటి ఉన్నయి చాలన్నడు.

అదే దినం ఫోన్‌ల ఒక ప్రకటన చూసిండు. హైదరాబాద్ల పాత పత్తాల ప్రదర్శన పెడ్తున్నరు. ఎవరి దగ్గరన్న ఉంటే ఫోటో పంపాలె. తీసుకున్నవాటికి కింద పెద్ద బోర్డు, బోర్డు మీద పేరు. బోర్డు మీద పేరు! మంచం మీద తీసిన ఫోటోను పంపిండు. గంటల జవాబొచ్చింది. ప్రదర్శన చూసుకునే అమ్మాయి పేరు శృతి. "సార్, శనివారం నేనే వస్తున్న. దయచేసి వాటిని ఏం చెయ్యకండి. ఎట్లున్నయో అట్లనే ఉంచండి."

పరమేశ్వర్ దాన్ని నాలుగు తాపల చదివిండు. పాపం, అంత పాతయి ఏమన్న అయితయేమోనని పిల్ల భయపడుతున్నది అనుకున్నడు. ఆ భయం లేకుంట చేద్దామని శుక్రవారం పొద్దుగాల మిషను వేడి పెట్టిండు. యాభై ఒక్క కవర్లు. చేతులు కడుక్కొని, కండ్లకద్దుకొని, ఒక్కొక్క రాజును లోపలికి పంపిండు. ఒక్క బుడగ రాలే. ఇరవై ఎనిమిదేండ్ల అనుభవం మరి. మధ్యాహ్నానికి అయిపోయినంక ఛాయ్ హోటల్ సిద్దిరాములు కాడికి పోయి, హైదరాబాద్ల నా పేరు బోర్డు మీద వస్తున్నదని చెప్పిండు. సిద్దిరాములుకు చెప్తే వాడకట్టు మొత్తానికి చెప్పినట్టే. కొత్త సఫారీ డ్రెస్సు గూడ కుట్టనిచ్చిండు.

శనివారం శృతి వచ్చింది. ముప్పై ఏండ్ల పిల్ల. కూసోంగనే సంచిల నుంచి తెల్లటి నూలు తొడుగులు తీసి చేతులకు వేసుకున్నది. అది చూసి పరమేశ్వర్‌కు నవ్వాగలే.

"తొడుగులెందుకు బిడ్డా! నా దగ్గర గసొంటి పరేషానేం లేదు. ఇటు సూడు." అని ఇస్పేట్ రాజును టేబుల్ మీద పెట్టి, సీసాల నీళ్లు గుబగుబ పోసిండు. టవాలుతోని తుడిచి, చూపెట్టిండు. "సూసినవా? ఏమన్న అయ్యిందా?"

శృతి ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది. చేతుల తొడుగులు మెల్లగ ఇడిసింది.

"ఎప్పుడు చేసిండ్రు సార్?"

"నిన్ననే. నువ్వొస్తున్నవనే చేసిన."

"ఈ ప్లాస్టిక్ తియ్యొచ్చా?"

"నా లామినేషన్ తీసుడా!" పరమేశ్వర్ ఛాతి పొంగింది. "బ్రహ్మదేవుడు దిగొచ్చినా రాదు. వచ్చినా రంగంత దానికే అంటుకొని వస్తది."

శృతి కండ్లు మూసుకొని తెరిచింది. ఆ పిల్ల ఓపికకు దండం పెట్టాలె. నూరేండ్ల కాయితం కాయితం లెక్క ఉంటేనే దానికి విలువ అని, దాని గరుకు, దాని వాసన, వేళ్లు పట్టిన నలుపు, అవ్వే చూసేదని, ఇప్పుడివి ప్రదర్శనల పెట్టలేమని మెల్లగ చెప్పింది. పరమేశ్వర్ మొఖం నల్లగైంది. బీరువాల ఉన్న ముప్పై ఎనిమిది కట్టల దిక్కు చూసిండు. అవన్నీ నిగనిగ మెరుస్తున్నయి. ఇరవై ఏండ్ల సంది కాపాడుతున్న అనుకున్నడు. సిద్దిరాములుకు ఏం చెప్పాలె ఇగ?

"సార్, అసలు నేను వచ్చింది వీటి కోసం గూడ కాదు," అన్నది శృతి. "మీరు పంపిన ఫోటోల ఒక రాణి ఉండె. కొడవలి పట్టుకొని. అదేది?"

"గదా? అది అసలుది కాదు బిడ్డా. ఎవరో చేత్తోని గీసి కలిపిండ్రు. పడేసిన."

"పడేసిండ్రా?" శృతి లేచి నిలబడ్డది.

అర్రల కుట్టు మిషను ఆగింది. జ్యోతిరాణి బయటికొచ్చింది. చేతిల ఆ పత్త ఉన్నది.

"చెత్తల దొరికింది. చేత్తోని గీసినదాన్ని ఎవలన్న పారేస్తరా? నా అద్దం చట్రంల చెక్కుకున్న. గీమె గూడ నా లెక్కనే కోపంగ సూస్తున్నది, మంచిగనిపిచ్చింది."

శృతి మళ్ల తొడుగులు వేసుకున్నది. పత్తను తిప్పి, వీపు దిక్కు బూతద్దం పెట్టింది. శానా సేపు తలెత్తలే. "ఇది అచ్చు కాదు అక్కా. ఈ నీలి గడులు గూడ చేత్తోనే. వెయ్యి దాక ఉంటయి. మిగతా పత్తాల వీపుతోని కొంచెం గూడ తేడా లేదు."

"ముంగట బొమ్మ గీస్తే అయిపోయె కద. వీపంత గీసుడెందుకు?" అన్నడు పరమేశ్వర్.

జ్యోతిరాణి ఆయన దిక్కు చూసింది. "వీపు వేరేగ ఉంటే రాణి ఎవరి చేతిల ఉన్నదో ఆడేటోళ్లందరికి తెలుస్తది కద. ఇగ ఆటేముంటది?"

ముప్పై ఎనిమిది కట్టల ఆసామికి గా ముచ్చట అప్పుడు తెలిసింది.

శృతి చెప్పింది. ఈ ఒక్క పత్తనే పెడ్తమని, దీనికే ఒక అద్దాల పెట్టె ఇస్తమని, కింద బోర్డు మీద గీసినోళ్ల పేరు, దాచినోళ్ల పేరు రెండూ వేస్తమని. గీసినోళ్లు ఎవరో తెల్వకుంటే దాచినోళ్ల పేరొక్కటే వేస్తమని. "సోమవారం లోపల చెప్పండి సార్," అన్నది.

పరమేశ్వర్ మొఖంల మళ్ల పానం వచ్చింది. "గీసినోళ్లు ఎవరో ఏం తెలుస్తది బిడ్డా, ఎప్పటి ముచ్చటనో. దాచినోళ్లంటే ఇగ..." అని అంగీ కాలరు సర్దుకున్నడు.

"తెలుసుకుంటం," అన్నది జ్యోతిరాణి. "రేపు ఐతారమే కద. క్యాంపుకు పోయి అడుగుతం. ఇద్దరం పోతం. పత్త నా సంచిల ఉంటది. నీ చేతికిస్తే మళ్ల మిషన్ల పెడ్తవు."

ఆదివారం ఇద్దరు బోధన్ బస్సెక్కిండ్రు. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు అడ్డం వస్తనే ఉన్నయి. పరమేశ్వర్‌కు మాత్రం బస్సు తొందరగ పోతున్నట్టే అనిపించింది. లామినేషన్ చేసిన యాభై ఒక్కటి గూడ వెంట పెట్టుకున్నడు. ముసలామె అడుగుతే చూపెట్టాలె కద.

సీతమ్మ వసారాలనే ఉన్నది. జ్యోతిరాణిని చూసి, "రామ్మా, కూర్చో," అని మంచం మీద జాగ ఇచ్చింది. "ఏం బాబూ, మావాళ్లు, ఆ రాజులూ రాణులూ బావున్నారా?"

పరమేశ్వర్ కట్ట ముంగట పెట్టిండు. ప్లాస్టిక్ పత్తాలు టకటకమన్నయి. సీతమ్మ ఒక రాజును తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నది. ఇంకొకటి తీసి చూసింది.

"వాసన లేదేం?"

పరమేశ్వర్ మిగతా పత్తాలను సర్దవట్టిండు.

"మా ఆయన చుట్ట కాల్చేవారు. ఆ వాసన ఉండేది వీటికి. మనిషి పోయాక అప్పుడప్పుడు తీసి చూసుకునేదాన్ని."

పరమేశ్వర్‌కు తలకాయ కొట్టేసినట్టయింది. భూమి పగిలి లోపలికి పోతే మంచిగుండు అనిపించింది. "తప్పయిందమ్మా," అన్నడు. జిందగీల లామినేషన్ గురించి ఆ మాట ఆయన నోట్ల నుంచి రావుడు అదే మొదలు.

జ్యోతిరాణి సంచిల నుంచి జాకెట్ గుడ్డల చుట్టిన పత్తను తీసి సీతమ్మ చేతుల పెట్టింది. "అమ్మా, గిది ఎవరు గీసిండ్రు?"

ముసలామె దాన్ని ముందుగాల ముక్కు దగ్గర పెట్టుకున్నది. వాసన దొరికినట్టుంది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"నేనేనమ్మా. అసలు రాణిని దూడ నమిలేసింది. ఆట ఆగిపోయింది. ఇక మా ఆయన ఆట కోసం వేరే క్యాంపులకి పోవడం మొదలుపెట్టారు, రెండేసి రోజులు రారు. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని గీశాను. కుంకుమ, నీలిమందు, దీపం మసి. అంతకుముందు నన్నూ ఆటలో కూర్చోబెట్టమని అడిగితే పగలబడి నవ్వారు, ఆడవాళ్లకెందుకే అని. సరేలే అని నేనే ముక్కనై వెళ్లి కూర్చున్నాను."

జ్యోతిరాణి నవ్వింది. సీతమ్మ గూడ నవ్వింది.

"ముప్పై ఏళ్లు వాళ్ల చేతుల్లో తిరిగానమ్మా. బావుందే అన్నారు, అంతే. ముక్క పడిందా లేదా అనే చూశారు గానీ ఎవరి మొహమో ఒక్కరూ చూడలేదు. మా ఆయన కూడా." అని పరమేశ్వర్ దిక్కు తిరిగింది. "మీరు బొమ్మలు చూసే మనిషని ఇచ్చాను బాబూ. నలుగుర్నీ చూశారా అని అడిగాను కూడా."

పరమేశ్వర్ అప్పుడు చూసిండు. పత్త దిక్కు చూసిండు, ముసలామె దిక్కు చూసిండు. గదే పుడక. గదుమ మీద గదే పుట్టుమచ్చ. కాఫీ గిలాస చేతికిచ్చిన మనిషిని చూడకుండ రాజు బూట్ల బిళ్లలు లెక్కవెట్టిండు గద! సిగ్గుతోని ఆయన చెవులు ఎర్రగైనయి.

"హైదరాబాద్ల గీ పత్తను అద్దాల పెట్టెల పెట్టి అందరికి సూపెడ్తరట. బోర్డు మీద నీ పేరు ఏస్తరమ్మా," అన్నడు మెల్లగ. "కింద దాచినోళ్ల పేరు."

"దాచిందెవరు?"

నిజం చెప్తే ఏమైతదో ఆయనకు ఎరుకే. ఖలీల్‌వాడి నవ్వు చెవులల్ల వినవడుతనే ఉన్నది. జ్యోతిరాణి చీర కొంగు సర్దుకుంట కూసున్నది. పరమేశ్వర్ మెడ గోక్కున్నడు, నులక తాడు పీకిండు, బయటికి చూసిండు. ఆయనకు పట్టిన సేపట్ల రెండు పాస్‌బుక్కులు లామినేషన్ చెయ్యొచ్చు.

"మా ఇంటామె," అన్నడు ఆఖరికి. "నేను చెత్తల పడేసిన. ఆమె తీసి దాసింది."

నెల తిరిగినంక హైదరాబాద్ల ప్రదర్శన మొదలైంది. అద్దాల పెట్టెల ఒక్కటే పత్త. ముంగట రెండు కుర్చీలేసిండ్రు. సీతమ్మ మోకాళ్లు పట్టుకొని ఒకదాన్ల కూసున్నది, జ్యోతిరాణి ఇంకొకదాన్ల. వచ్చినోళ్లు వంగి బొమ్మను చూసి, పక్కకు తిరిగి సీతమ్మ మొఖం చూసి, మళ్ల బొమ్మను చూస్తున్నరు. కింద బోర్డు మీద పెద్ద అక్షరాలతోని ఉన్నది: గీసినది సీతమ్మ, బోధన్. దాచినది జ్యోతిరాణి, నిజామాబాద్.

పరమేశ్వర్ కొత్త సఫారీ వేసుకొని పక్కకు నిలబడ్డడు. బోర్డు కాయితం ఒక మూలకు జర లేచింది. చెయ్యి దానంతటదే ముంగటికి పోయింది. జ్యోతిరాణి ఒక్కసారి చూసింది. చెయ్యి వాపసు జేబుల పడ్డది.

అప్పుడే ఒక పెద్దాయన బొమ్మను శానా సేపు చూసి తలెత్తిండు. పక్కన సఫారీల నిలబడ్డ మనిషి ఎవరో పెద్దమనిషే అనుకున్నట్టున్నడు.

"మీరు ఎవరండీ?"

పరమేశ్వర్ బోర్డు దిక్కు చూసిండు. రెండు పేర్లు చదువుకున్నడు.

"నేనా? జ్యోతిరాణి ఇంటాయనను," అన్నడు.

"అట్లనా," అని ఆ పెద్దాయన మళ్ల రాణి దిక్కు తిరిగిండు.